పుట్టినరోజులు గుర్తుండుట ఎట్లు?

వరంగల్లు కోట వైపు నుండి హనుమకొండకు పోవు దారిలో మట్టెవాడ అను పాత పేట ఉన్నది. ఆ పేటలో బట్టల దుకాణము నడుపుచున్న ఒక వర్తకుని ఊహించుకొనవచ్చును. ఏటేటా అతని వద్దనే బట్టలు తీయు గిరాకీలు రెండు వందల మంది. (తెలంగాణములో కొనుగోలుదారును గిరాకీ యందురు.) పుట్టినరోజు నాడు పేరు పెట్టి ఒక మాట పలుకరించినచో, ఆ గిరాకీ మరొక దుకాణము మెట్లు ఎక్కుట అరుదు. పాత వర్తకులకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. వర్తకమునకు ఇంతమాత్రము చాలును గాని, శాస్త్రము అడుగు ప్రశ్నలు ఇంకను ఉన్నవి. రెండు వందల తారీఖులను మనిషి మెదడు పట్టగలదా? పట్టిన తారీఖు సరిగా ఆ నాడే ఏల స్ఫురించదు? అన్నిటికంటె ముందు అడుగవలసినది, అసలు ఆ తారీఖు నిజమైనదేనా?

ఈ చివరి ప్రశ్న వరంగల్లు వంటి చోట తేలికైనది కాదు. ఏబది ఏండ్లు దాటిన ఒక మనిషికి రెండు పుట్టినరోజులు ఉండుట అక్కడ వింత కాదు. మూడు ఉన్నను ఆశ్చర్యపడ పనిలేదు. ఇంట్లో తల్లి చెప్పునది ఒకటి, బడిలో వ్రాయించినది ఒకటి, పాత కాగితములలో ఫసలీ లెక్కన ఉన్నది ఇంకొకటి.

బడి తారీఖు సంగతి అందరికీ తెలిసినదే. జనన మరణముల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టము 1969లో వచ్చినది. అటు తరువాత కూడ పల్లెలలో చాలాకాలము నమోదు సరిగా జరుగలేదు. పిల్లవానిని బడికి తీసుకొనిపోయిన నాడు పంతులుగారు వాని ఎత్తును, మాటను చూచి, బడి తెరచు జూన్ నెలకు ఐదేండ్లు నిండునట్లు ఒక తారీఖు వేసెడివారు. ఆ తరము వారి ధ్రువపత్రములలో జూన్ 1, జూన్ 15, జూలై 1 వంటి తారీఖులు తఱచుగా కనబడుటకు కారణమిదే. వర్తకుడు ఆ తారీఖునే ఖాతాలో ఎక్కించుకొని ఆ నాడు శుభాకాంక్షలు చెప్పినచో, గిరాకీ చిన్నగా నవ్వి ఊరకుండును. ఆ నవ్వునకు అర్థము, "నా పుట్టినరోజు ఇది కాదు సేటూ" అని.

ఫసలీ లెక్క ఇంకొంత చిక్కైనది. నిజాము పాలనలోని హైదరాబాదు రాజ్యములో సర్కారు కాగితములపై ఫసలీ సంవత్సరము వ్రాయబడెడిది. ఆ సంవత్సరము ఆజూర్ మాసముతో, అనగా అక్టోబరు 6 ప్రాంతమున మొదలగును. తరువాత దై, బహమన్, ఇస్ఫందార్ మొదలగు మాసములు వరుసగా వచ్చి, ఆబాన్‌తో సంవత్సరము ముగియును. ఇంగ్లీషు సంవత్సరము కనుగొనుటకు ఫసలీ సంఖ్యకు 591 కలుపవలెనని చాలమంది చెప్పుదురు. ఆజూర్, దై మాసములలో ఇది తప్పు. అచ్చట 590 మాత్రమే కలుపవలెను. బహమన్ నెల చివర జనవరి వచ్చును గనుక అక్కడ జాగ్రత్త కావలెను. ఉదాహరణకు ఒకరు ఫసలీ 1351 దై మాసములో పుట్టినట్లున్నచో, అది 1941 నవంబరు ప్రాంతము. ఆలోచింపక 591 కలిపినచో 1942 అగును; మనిషికి ఒక ఏడాది వయస్సు తగ్గిపోవును. ఇప్పటి రెవెన్యూ కాగితములలోని ఫసలీ జూలై 1న మొదలగును. నిజాము నాటి ఫసలీని దీనితో కలిపి లెక్కించినను పొరపాటు తప్పదు.

ఇక తల్లి చెప్పు పుట్టినరోజు. అందులో అంకెలు ఉండవు. "సద్దుల బతుకమ్మకు ముందు శుక్రారం పుట్టిండు మా పెద్దోడు, అప్పుడు విళంబి నడుస్తుండె" అని ఆమె చెప్పును. చదువుకున్నవారు దీనిని లెక్కలేని మాట అనుకొందురు. నిజమునకు పంతులుగారు వేసిన తారీఖుకంటె ఇందులోనే లెక్క ఎక్కువ ఉన్నది. సంవత్సరము పేరు, పండుగ, వారము అని మూడు వేరువేరు గుర్తులు ఆ ఒక్క వాక్యములో ఉన్నవి. మూడింటిలో ఒకటి తప్పినను మిగిలిన రెండు దానిని పట్టి ఇచ్చును.

ఆ మాటను విప్పి చూతము. ప్రభవాది అరువది సంవత్సరములలో ప్రభవ 1927లోను, మరల 1987లోను వచ్చినది. విళంబి ముప్పది రెండవది. 1927కు ముప్పది ఒకటి కలిపిన 1958. ఆ సంవత్సరము ఆశ్వయుజ శుద్ధ అష్టమి అక్టోబరు 20 ప్రాంతమున పడినది. దానికి ముందు శుక్రవారము ఏ తారీఖో తెలిసికొనవలెను.

వారము కనుగొను లెక్క తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానములో వారగణనము అను అంశము కలదు. పృచ్ఛకుడు ఏదో ఒక తారీఖు చెప్పి అది ఏ వారమని అడుగును. అవధాని పద్యపాదము నడుపుచునే జవాబు చెప్పవలెను. సభలో ఇది గారడీవలె తోచును గాని, లెక్క అల్పమైనది. పన్నెండు నెలలకును పన్నెండు అంకెలు ఉన్నవి: 1, 4, 4, 0, 2, 5, 0, 3, 6, 1, 4, 6. వీనిని మూడేసిగా విడదీసి చదివినచో 144, 025, 036, 146 అగును. పన్నెండు పన్నెండ్లు 144, ఐదైదులు 25, ఆరారులు 36, చివరిది మొదటిదానికంటె రెండు ఎక్కువ. ఎక్కములు వచ్చిన పిల్లవానికి ఒక పూటలో ఇది పట్టువడును. ఇక సంవత్సరములోని చివరి రెండు అంకెలు, వానిలో నాలుగవ వంతు (మిగిలినది వదలి), నెల అంకె, తారీఖు, ఈ నాలుగింటిని కూడి ఏడుచే భాగించవలెను. శేషము 1 అయిన ఆదివారము, 2 అయిన సోమవారము, ఇట్లే వరుసగా. సున్న అయిన శనివారము. ఇది 1900 నుండి 1999 వరకు సరిపోవును. 2000 తరువాతి తారీఖులకు మొత్తములో ఒకటి తగ్గించవలెను. లీపు సంవత్సరపు జనవరి, ఫిబ్రవరులకు కూడ ఒకటి తగ్గించవలెను.

1958 అక్టోబరు 20 తీసికొందము. 58, అందులో నాలుగవ వంతు 14, అక్టోబరుకు 1, తారీఖు 20, మొత్తము 93. ఏడుచే భాగించగా శేషము 2, సోమవారము. దానికి ముందటి శుక్రవారము అక్టోబరు 17. ఆ పెద్దకొడుకు పుట్టినది 1958 అక్టోబరు 17. అతని బడి కాగితముపై 1958 జూన్ 15 అని ఉన్నదనుకొందము. ఆ నాటి వారము? 58, 14, 5, 15 కూడిన 92. శేషము 1, ఆదివారము. తల్లి చెప్పిన శుక్రవారముతో ఇది కలియదు. బడి తారీఖు ఊహ అని దీనితో తేలినది. సర్కారు నౌకరిలో ఉన్నవాడైనచో పదవీ విరమణ కాగితపు తారీఖు ప్రకారమే జరుగును గనుక, అతడు నాలుగు నెలల ముందుగా ఇంటికి వచ్చి ఉండును. పుట్టినరోజు తప్పినచో పోవునది శుభాకాంక్షలు మాత్రమే కాదు.

వరంగల్లు ప్రాంతములో మేడారపు జాతరను కూడ ఇట్లే గుర్తుగా వాడుదురు. సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్లకొకసారి మాఘ పూర్ణిమ ప్రాంతమున జరుగును. ఇటీవలి దశాబ్దములలో అది సరిసంఖ్య సంవత్సరములలోనే వచ్చుచున్నది. కావున జాతర నాడు పుట్టిన బిడ్డకు 1997 అనియో, 2003 అనియో వ్రాసియున్నచో, ఆ సంఖ్యను మరల అడిగి చూడవలసినదే.

తిథి ప్రకారము పుట్టినరోజు జరుపుకొను గిరాకీలతో వర్తకునికి ఇంకొక చిక్కు. చాంద్రమాన సంవత్సరము 354 దినములు. సౌర సంవత్సరముకంటె పదకొండు దినములు తక్కువ. అందుచేత తిథి ఏటేటా పదకొండు దినములు ముందుకు జరిగి, అధికమాసము వచ్చిన ఏట మరల వెనుకకు పోవును. ఐతే పందొమ్మిది సౌర సంవత్సరములలో ఇంచుమించు సరిగా 235 చాంద్రమాసములు ఇముడును. రెంటికిని తేడా రెండు గంటలు మాత్రమే. దీని ఫలితముగా మనిషికి పందొమ్మిదవ ఏట, ముప్పది ఎనిమిదవ ఏట, ఏబది ఏడవ ఏట తిథియు తారీఖును ఒకే నాటనో ఒక్క దినము అటు ఇటుగానో కలియును. తారీఖు తెలియక తిథి మాత్రమే తెలిసిన పెద్దలకు అసలు తారీఖు కనుగొనుటకు ఇది సుళువైన దారి. ఏబది ఏడవ ఏటి పంచాంగము తీసి, ఆ తిథి ఏ తారీఖున పడినదో చూచినచో చాలును.

మరపు ఎంత వేగముగా వచ్చును

తారీఖు సరియైనదని తేలిన తరువాత దానిని జ్ఞాపకముంచుకొను పని. ఈ విషయమున మొదట కొలతలు తీసినవాడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. అతడు అర్థములేని అక్షరముల కూర్పులను తానే వల్లెవేసి, ఎంతకాలమునకు ఎంత మరచిపోవుచున్నాడో తనపై తానే పరీక్షించి 1885లో ప్రకటించినాడు. మరల నేర్చుకొనుటలో ఎంత శ్రమ ఆదా అగుచున్నదో దానినే అతడు కొలతగా తీసికొన్నాడు. ఇరువది నిమిషములకు నూటికి 58 పాళ్లు నిలిచినవి. గంటకు 44. ఒక దినమునకు 34. ఆరు దినములకు 25; నెల దాటిన తరువాత కూడ 21. అనగా మరపు అంతయు మొదటి గంటలలోనే జరిగి, ఆ తరువాత నిదానించును. మొదటి దినము దాటి నిలిచినది చాలకాలము నిలుచును.

పుట్టినతారీఖు కూడ ఎబింగ్‌హౌస్ అక్షరములవంటిదే. ఒక మనిషికి అక్టోబరు 17తో ఏ సంబంధమును లేదు. అతని ముఖములోగాని, వృత్తిలోగాని ఆ అంకెకు ఆధారము కనబడదు. గిరాకీ బావి త్రవ్వించినాడనిన గుర్తుండును, అక్టోబరు 17న పుట్టినాడనిన గుర్తుండదు. మొదటిదానికి మన మనస్సులో ఇదివరకే చోటున్నది; రెండవదానికి లేదు.

మట్టెవాడ వర్తకుడు సాధారణముగా చేయునది ఏమి? జాబితాను మరల మరల చదువును. చదువుచున్నంత సేపు అంతయు తెలిసినట్లే ఉండును. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగము ఇక్కడ తలచుకొనదగినది. విద్యార్థులలో కొందరు ఒక పాఠమును రెండుసార్లు చదివిరి. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి పుస్తకము మూసి గుర్తున్నది వ్రాసిరి. ఐదు నిమిషములకు పరీక్షింపగా రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారము దినముల తరువాత మాత్రము ఫలితము తారుమారైనది: రెండుసార్లు చదివినవారికి నూటికి 42 పాళ్లు, మూసి వ్రాసినవారికి 56 పాళ్లు గుర్తున్నవి. మనస్సు నుండి వెలికితీయు శ్రమయే జ్ఞాపకమును గట్టిపరచుచున్నది. కావున జాబితా చదువుటకంటె, పేర్ల ప్రక్కనున్న తారీఖులను అట్టముక్కతో కప్పి, ఒక్కొక్కటి తనను తాను అడిగికొనుట మేలు. దినమునకు నాలుగు తారీఖుల చొప్పున పట్టినచో రెండు వందలు ఏబది దినములలో ముగియును. అయితే నేర్చినదానిని మరునాడు, మూడవ నాడు, వారమునకు, నెలకు మరల అడుగవలెను. ఎబింగ్‌హౌస్ అంకెలను చూచినచో, మరునాటి ప్రశ్న అన్నిటికంటె విలువైనదని తెలియును.

సంవత్సరమును వల్లెవేయ పనిలేదు. పలుకరింపునకు నెలయు తారీఖును చాలును. ఎనిమిది అంకెలు మూడు నాలుగుగా తగ్గినచో మెదడునకు పెద్ద ఉపశమనము. ఒక్కసారి మనస్సులో పట్టు విడివిడి ముక్కలు ఏడు, ఒకటి రెండు అటు ఇటుగా, అని జార్జి మిల్లర్ 1956లోనే చూపినాడు.

తగిలించుటకు కొక్కెములు

అర్థములేని తారీఖును ఇదివరకే మనస్సులో ఉన్న మరొక తారీఖునకు తగిలించుట సులభోపాయము. అందరికంటె దగ్గరి కొక్కెము మనిషి సొంత పుట్టినరోజు. కెసెబిర్, ఓయిషి అను ఇరువురు మానసిక శాస్త్రజ్ఞులు 2010లో దీనిని పరిశీలించినారు. మనుషులకు గుర్తున్న మిత్రుల పుట్టినరోజులు, గుర్తులేనివానికంటె, తమ పుట్టినరోజునకు చేరువగా ఉన్నవని వారు కనుగొన్నారు. అనగా డిసెంబరులో పుట్టిన వర్తకునికి డిసెంబరు గిరాకీలు తమంతట తామే గుర్తుందురు. మే, జూన్ గిరాకీలకే కొక్కెము వెదకవలెను.

వరంగల్లు సీమకు అట్టి కొక్కెములకు కొదువ లేదు. పి.వి. నరసింహారావు నర్సంపేట ప్రాంతములోని లక్నేపల్లిలో పుట్టినది 1921 జూన్ 28న. ఆచార్య జయశంకర్ అక్కంపేటలో 1934 ఆగస్టు 6న పుట్టినారు. కాళోజీ నారాయణరావు పుట్టినది 1914 సెప్టెంబరు 9న. 2014 నుండి ఆ దినమును తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. తొమ్మిదవ నెల తొమ్మిదవ తారీఖు గనుక దీనిని ప్రయత్నించి మరచుట కూడ కష్టమే. దాశరథి కృష్ణమాచార్యులు చిన్నగూడూరులో 1925 జూలై 22న పుట్టినారు. వృత్తము చుట్టుకొలతకు బడిలో చెప్పు 22/7 అను భిన్నము ఇందులో దాగియున్నది. లెక్కల పంతులుగారు ఎవరైనా దీనిని మరచిపోగలరా? వర్తకుడు తన జూలై 24 గిరాకీని "దాశరథి తరువాత రెండవ నాడు" అని పట్టుకొనవచ్చును. నెలకు ఇట్టి గుర్తులు మూడు నాలుగు ఉన్నచో ఏ తారీఖైనను వానికి నాలుగైదు దినముల లోపలనే ఉండును.

కొక్కెము దొరకని తారీఖునకు మన పూర్వులు ఇంకొక సాధనము ఇచ్చినారు. అది కటపయాది సంఖ్యాపద్ధతి. అంకెలను అక్షరములుగా మార్చి మాటలు కట్టు ఈ విద్యను జ్యోతిష గణితమువారును సంగీతజ్ఞులును వాడుకొన్నారు. క మొదలు ఝ వరకు 1 నుండి 9. ట మొదలు ధ వరకు మరల 1 నుండి 9. ప, ఫ, బ, భ, మ లకు 1 నుండి 5. య, ర, ల, వ, శ, ష, స, హ లకు 1 నుండి 8. ఞ, న లకును ఒంటరి అచ్చులకును సున్న. గుణింతములతో పనిలేదు. జంటాక్షరములలో చివరి హల్లునే లెక్కింపవలెను. కట్టిన మాటను వెనుక నుండి ముందుకు అంకెలుగా చదువవలెను. ధీరశంకరాభరణములో ధ 9, ర 2, తిరుగవేసిన 29. అది ఇరువది తొమ్మిదవ మేళకర్త. సంగీతము నేర్చిన పిల్లలు డెబ్బది రెండు మేళముల సంఖ్యలను ఎట్టి వల్లెయు లేకుండ చెప్పగలుగుటకు రహస్యమిదే.

దీనినే తారీఖులకు వాడినచో ఎట్లుండును? మొదటి రెండక్షరములు తారీఖు, తరువాతిది నెల అనుకొందము. హరిత అను మాటలో హ 8, ర 2 తిరుగవేసిన 28. త 6, అనగా జూన్. పి.వి. పుట్టినరోజు ఆ మాటలో ఉన్నది. చిన్నది అను మాటలో చ 6, న 0 తిరుగవేసిన 06. ద 8, ఆగస్టు. ఇది జయశంకర్ పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవమైన ఆగస్టు 29, అనగా గిడుగు రామమూర్తి పుట్టినరోజు, ధీరజ అను మాటలో ఇముడును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు నెలకు రెండక్షరములు కావలెను. వానిని కూడ తిరుగవేయవలెను. పైన చెప్పిన పెద్దకొడుకు పుట్టిన అక్టోబరు 17నకు ఛ 7, య 1, న 0, ట 1: ఛాయానాట. అది ఒక రాగము పేరు. ఆ గిరాకీ దుకాణములోనికి వచ్చినప్పుడెల్ల ఛాయానాట అని తలచుకొన్నచో తారీఖు ఎక్కడికి పోవును?

అన్ని తారీఖులకు ఇంత ముచ్చటైన మాటలు దొరకవు. కొన్నింటికి నోరు తిరుగని మాటలే వచ్చును. అట్టివానికి ప్రయాసపడుటకంటె కొక్కెమునకే తగిలించుట మేలు. మట్టెవాడ అను పేరులోనే మొదటి మూడక్షరములు ఏప్రిల్ 15ను ఇచ్చుచున్నవి. మిగిలిన డకారమునకు మాత్రము పని లేదు.

అవధానములో ధారణ అనునది ఇట్టి పట్టులపైననే నిలిచియున్నది. తిరుపతి వేంకట కవులు ఊరూర అవధానములు చేసి ఈ విద్యను తెలుగు దేశమంతట వ్యాపింపజేసినారు. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 ఫిబ్రవరి 15న కన్నుమూసినారు. ఆ నాడు మహాశివరాత్రి. సాహిత్యము తెలిసిన పెద్దలను అడిగినచో పదిమందిలో తొమ్మిదిమంది శివరాత్రి అని చెప్పుదురు గాని తారీఖు చెప్పలేరు. పండుగ మనస్సునకు ఎంత గట్టి కొక్కెమో చూడుడు. తారీఖు కూడ కావలెననువారికి మయూరము అను మాట ఉన్నది: మ 5, య 1, ర 2, కడపటి మువర్ణమును విడిచిన ఫిబ్రవరి 15.

ఒకే నాడు ఇద్దరు పుట్టుట వలన తికమక కలుగునని కొందరు భయపడుదురు. ఇది తప్పనిసరిగా జరుగునదే. ఇరువది ముగ్గురు ఒకచోట చేరినచో వారిలో ఏ ఇద్దరికైనను ఒకే పుట్టినరోజు ఉండు అవకాశము సగముకంటె ఎక్కువ. వినుటకు నమ్మశక్యముగా ఉండదు గాని, ఇరువది ముగ్గురిలో 253 జతలు ఉన్నవని గుర్తించినచో వింత తగ్గును. రెండు వందల గిరాకీలు ఉన్న వర్తకునికి ఏడాదిలో ఇంచుమించు 154 దినములలోనే పుట్టినరోజులు పడును. తక్కిన 211 దినములలో ఒక్కటియు ఉండదు. నేర్వవలసిన తారీఖులు రెండు వందలు కావు, నూట ఏబది చిల్లర. జంటగా పుట్టినవారిని ఒకే మాటకు కట్టుట తేలిక కూడ.

తెలిసియు తప్పిపోవుట

తారీఖు కంఠస్థమై ఉండును. ఐనను ఆ నాడు గడిచిపోయిన తరువాత సాయంకాలమునకో, మరునాటికో స్ఫురించును. దీనిని చూచి చాలమంది తమ జ్ఞాపకశక్తిని నిందించుకొందురు. అది అన్యాయము. ఎవరైనా అడిగినప్పుడు చెప్పగలుగుట ఒక శక్తి, ఎవరూ అడుగకయే వేళకు తలచుకొనుట వేరొక శక్తి. మొదటిదానికి ప్రశ్నయే ఆధారము. రెండవదానికి ఏ ఆధారమును లేదు. పనుల నడుమ మనస్సు తనంతట తాను లేచి రావలెను. ఐన్‌స్టైన్, మెక్‌డేనియల్ అను శాస్త్రజ్ఞులు (ఈ ఐన్‌స్టైన్ భౌతిక శాస్త్రజ్ఞుడు కాడు) 1990లో ఈ రెండవ శక్తిని పరీక్షించినారు. ఫలానా సూచన కనబడగానే ఈ పని చేయవలెనని ముందు చెప్పియుంచినచో, వృద్ధులు యువకులతో సమానముగా నిలిచిరి. సూచన యున్న చోట వయస్సు అంతగా అడ్డు రాలేదు.

దీనిని బట్టి వర్తకుడు చేయవలసినది స్పష్టమే. తారీఖును తలచుటకు ప్రయత్నింపక, దినమూ తప్పక చేయు పని దేనితోనైనను దానిని ముడివేయవలెను. షట్టరు ఎత్తి, గల్లాపెట్టె ముందు ఊదుబత్తి వెలిగించిన వెంటనే, "ఈ నాడు ఎవరు?" అని తనను తాను అడిగి, ఖాతాలో ఆ పుట చూచి సరిచూచుకొనవలెను. ముందు అడుగుట, తరువాత చూచుట; ఈ వరుస మార్చరాదు. చూచిన తరువాత అడుగుకొన్నచో రోడిగర్, కార్పిక్‌ల విద్యార్థులలో మొదటి వరుసవారి గతియే పట్టును. ఆ పుస్తకమును పేర్ల వరుసన కాక నెలల వరుసన వ్రాయుట మంచిది: నెలకొక పుట, పుటకు తారీఖుల వరుస. తిథి ప్రకారము జరుపుకొనువారికి వేరొక పుట ఉంచి, ప్రతి ఉగాదికి కొత్త పంచాంగము చూచి ఆ ఏటి తారీఖులను పెన్సిలుతో వ్రాసికొనవలెను. అధికమాసములో పుట్టినవాని జన్మతిథిని నిజమాసములో జరుపుట వాడుక. ఇది ముందే గిరాకీని అడిగి తెలిసికొనుట మేలు. ఫిబ్రవరి 29న పుట్టినవారిని కూడ అట్లే అడుగవలెను. కొందరు 28న, కొందరు మార్చి 1న జరుపుకొందురు.

ఈ పనియంతయు సెల్‌ఫోను చేయుచున్నది గదా అని అనవచ్చును. చేయుచున్నది, నిజమే. ఆ నాటి ఉదయము అది గంట కొట్టి చెప్పును. గిరాకీ ఎదుట నిలిచి బట్ట చూచుచున్నప్పుడు, "వచ్చే శుక్రవారమే కదా మీ పుట్టినరోజు" అని మాత్రము ఫోను అనజాలదు. ఫోనులో ఎక్కించిన తారీఖు తప్పైనచో అది ఏటేటా తప్పే చెప్పును. మెదడు ఐనచో శుక్రవారమునకును ఆదివారమునకును గల తేడాను చూచి శంకించును.

ఇంకొక సంగతి వర్తకులు ఎక్కువగా ఆలోచింపనిది. పుట్టినతారీఖు ఇప్పుడు బ్యాంకులలో మనిషిని గుర్తించుటకు అడుగు ప్రశ్నలలో ఒకటి. పేరు, ఫోను సంఖ్య, పుట్టిన సంవత్సరముతో సహా తారీఖు, ఈ మూడును ఒకే పుటలో ఉన్న ఖాతా పుస్తకము దొంగ చేతిలో పడినచో బట్టల బేరముకంటె పెద్ద నష్టము కలుగవచ్చును. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టులో ఆమోదము పొందినది. సమాచారమును ఆ వ్యక్తి సమ్మతితో, తెలిపిన ప్రయోజనమునకే వాడవలెనని దాని సారము. అది కాగితపు ఖాతాకు కాక, కంప్యూటరులోనికో ఫోనులోనికో ఎక్కిన సమాచారమునకు వర్తించును. పలుకరింపునకు సంవత్సరము అక్కరలేదని పైన చెప్పబడినది. కావున దానిని వ్రాయకుండుటయే ఉభయులకు క్షేమము. షష్టిపూర్తి వంటి సందర్భమునకు కావలసినచో ప్రభవాది సంవత్సరపు పేరు వ్రాసికొనవచ్చును. అది వర్తకునికి చాలును, మోసగానికి పనికిరాదు.

పుస్తకమును ఏడాదికొకసారి సరిచూడని వర్తకునికి ఎదురగు కష్టము మరొకటి ఉన్నది. చనిపోయిన మనిషి పుట్టినరోజునకు దుకాణము నుండి శుభాకాంక్షల సందేశము పోవుట ఫోనులు వచ్చిన తరువాత అరుదు కాదు. అది ఆ ఇంటివారిని ఎంత నొప్పించునో చెప్పనక్కరలేదు. యంత్రమునకు మరణవార్త అందదు. మట్టెవాడ వంటి పేటలో వర్తకునికి ఆ వార్త సాయంకాలములోగా అందును. ఆ నాడే పుస్తకము తెరచి, ఆ పేరును కొట్టివేసి, ఫోనులోనిదానిని కూడ తీసివేయవలెను. పేరు తీసివేసినను, హరిత యనియో ఛాయానాట యనియో కట్టుకొన్న మాట మాత్రము వర్తకుని మనస్సులో చాలకాలము మెదలుచునే యుండును. ఎబింగ్‌హౌస్ చూపిన ఆ 21 పాళ్లు అంత తేలికగా పోవునవి కావు.